మన నావికుల జీతాల గురించి పార్లమెంటులో అడిగేదెవరు?

విభాగం: ఉత్తరాంధ్ర – ఉపాధి, వలసలు

బారువ_తీరం (సోంపేట మండలం)
ఆదివారం, ఉదయం 7.15

శ్రీకాకుళం లోక్‌సభ సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. మన జిల్లాకు కేబినెట్ పదవి దక్కినందుకు అందరం సంతోషించాం. దాని వెంటే వచ్చిన ఒక చిక్కును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మంత్రులు సభలో జవాబులు చెబుతారు, ప్రశ్నలు వేయరు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఊరూరా ఓడ ఉద్యోగాలకు వెళ్లే కుర్రాళ్లున్న తీరం ఇది. ఈ తీరం తరఫున ప్రశ్నోత్తరాల సమయంలో లేచి అడిగే లోక్‌సభ సభ్యుడు ఇప్పుడు లేరు.

ఓడల వ్యవహారం రాష్ట్రం చేతిలో లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా 25వ అంశం ప్రకారం సముద్ర నౌకాయానం, వాణిజ్య నౌకల సిబ్బంది శిక్షణ పార్లమెంటు పరిధిలోవి. ఎమ్మెల్యే ఇంటి ముందు ఎన్నాళ్లు కూర్చున్నా ఆయన చేయగలిగింది ఢిల్లీకి ఒక ఉత్తరం రాయడమే.

ఆ పార్లమెంటు 2025 ఆగస్టులో 1958 నాటి వాణిజ్య నౌకాయాన చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. లోక్‌సభ ఆగస్టు 6న, రాజ్యసభ 11న బిల్లును ఆమోదించాయి. 561 సెక్షన్లు 325కు తగ్గాయి. లోక్‌సభలో ఆ రోజు నిరసనల హోరు. నావికుడికి జీతం అందకపోతే ఎవరిని నిలదీయాలి, మోసం చేసిన ఏజెంటును ఎవరు పట్టుకోవాలి అనే మాటలు దేశం చెవిన పడాల్సిన రోజు అలా గడిచిపోయింది.

అయినా దారి మూసుకుపోలేదు. చట్టం కింద కేంద్రం చేసే నియమాలను ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలి. సభ్యులు వాటిలో మార్పు కోరవచ్చు, రద్దు చేయమనీ కోరవచ్చు. అలాంటి నియమాలను పరిశీలించడానికే రెండు సభలకూ ఒక్కో కమిటీ ఉంది. జీతాలు, పని గంటలు, నియామక సంస్థల లైసెన్సులు నిజంగా తేలేది ఆ నియమాల్లోనే. వాటి మీద ఈ జిల్లా మాట ఒక్కటైనా పార్లమెంటుకు చేరాలి. అనుభవం ఉన్నవాళ్లు రాయండి.

పూసపాటిరేగ_రాజు
ఆదివారం, ఉదయం 8.02

యజమాని ఒక దేశంలో ఉంటాడు. ఓడ నమోదై, జెండా ఎగరేసేది మరో దేశానిది. సిబ్బందిని చూసుకునే కంపెనీ ఇంకో దేశంలో. మా ఊరి కుర్రాడు ఎక్కడో సముద్రం మధ్యలో. ఇక్కడి ఎంపీ ప్రశ్న వేస్తే వీళ్లలో ఎవరికి చెమట పడుతుంది? మన చట్టం ఆ ఓడ మెట్లు ఎక్కగలదా? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

విజయనగరం_వకీలు
ఆదివారం, ఉదయం 9.30

రాజు గారూ, ఓడ మీద ప్రధానంగా నడిచేది జెండా దేశపు చట్టం. మీ అనుమానం న్యాయమైనదే. కానీ ఆ ఓడకూ మన నేలకూ మూడు చోట్ల ముడి పడుతుంది.

ఒకటి నియామకం. విదేశీ ఓడకైనా సరే, మన దేశంలో మనిషిని తీసుకునే సంస్థకు డీజీ షిప్పింగ్, అంటే కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ జనరల్, ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల నియామక) లైసెన్సు ఉండాలి. ఇప్పటిదాకా ఇది 2016 నియమాల ప్రకారం నడుస్తోంది. ఉద్యోగం చూపినందుకు ఆ సంస్థ అభ్యర్థి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మిక ఒప్పందం, అంటే ఎంఎల్‌సీ, ఇదే చెబుతుంది. పాస్‌పోర్టు, నావికుడి పుస్తకం, వైద్య పరీక్ష సర్టిఫికెట్ ఖర్చులు తప్ప మరేదీ నావికుడి మీద వేయకూడదు. లైసెన్సు ఉన్న సంస్థ ప్రభుత్వం దగ్గర బ్యాంకు గ్యారంటీ కూడా పెట్టి ఉంటుంది.

రెండోది రేవు. మన దేశం ఎంఎల్‌సీని 2015 అక్టోబరు 9న ఆమోదించింది. విదేశీ ఓడ మన రేవుకు వస్తే సర్వేయర్లు, అంటే ఓడలను తనిఖీ చేసే ప్రభుత్వ అధికారులు, ఎక్కి జీతాల లెక్కలు, వంటగది, మంచినీళ్లు, పడక గదులు చూడవచ్చు. లోపం తీవ్రమైతే ఓడను కదలనివ్వకుండా ఆపవచ్చు. విశాఖపట్నంలో మర్కంటైల్ మెరైన్ డిపార్టుమెంటు కార్యాలయం ఉన్నది ఇలాంటి పనులకే. సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు పూర్తయి విదేశీ ఓడలు వస్తే ఈ తనిఖీ మన జిల్లాలోనే జరగాలి.

మూడోది కోర్టు. 2018 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 2017 నాటి అడ్మిరాల్టీ (ఓడల దావాల) చట్టం ప్రకారం మన హైకోర్టు ఓడనే అరెస్టు చేయగలదు. ఆ ఓడ మీద ఉన్న బాకీలలో సిబ్బంది జీతాలదే మొదటి స్థానం. జీతం రావాల్సిన రోజు నుంచి రెండేళ్లలోపు ఆ హక్కు వాడుకోవాలి. ఓడ మన జలాల్లో ఉండాలి.

సర్వేయర్లు ఎన్నిసార్లు ఓడ ఎక్కారు, ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి, ఎన్ని బ్యాంకు గ్యారంటీల నుంచి నావికులకు డబ్బు ఇప్పించారు? విదేశీ యజమానిని మన పార్లమెంటు పిలిపించలేకపోవచ్చు. ఈ లెక్కలు దాచుకున్న మంత్రిత్వ శాఖను తప్పకుండా పిలిపించగలదు.

బోసన్_పెద్దయ్య (వజ్రపుకొత్తూరు మండలం, విశ్రాంత నావికుడు)
ఆదివారం, మధ్యాహ్నం 12.10

వకీలు గారు చెప్పినవి కాగితం మీద ఉన్నవి. ఓడ మీద మోసం ఎలా జరుగుతుందో నేను చెబుతాను. ప్రశ్న రాసేవాళ్లకు పనికొస్తుంది.

నావికుడి జీతం ఒక ముద్దగా ఉండదు. మూల వేతనం, ఖాయంగా ఇచ్చే ఓవర్‌టైం, సెలవు జీతం అని విడివిడిగా రాస్తారు. అనుభవమున్న సీమన్‌కు అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస మూల వేతనం 2025లో నెలకు 673 డాలర్లుగా ఉండేది. ఓవర్‌టైం, సెలవు జీతం దానిమీద అదనం. కక్కుర్తి కంపెనీలు అన్నీ కలిపిన మొత్తాన్ని చూపించి "కనీస వేతనం కంటే ఎక్కువే ఇస్తున్నాం" అంటాయి. కుర్రవాడికి తేడా తెలియదు. మొత్తం అంకె చూసి సంతకం పెడతాడు.

రెండు కాంట్రాక్టుల పద్ధతి ఇంకా దారుణం. ఏజెంటు ఆఫీసులో ఒక కాగితం, ఓడ ఎక్కాక కెప్టెన్ గదిలో మరో కాగితం. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించేది ఎక్కువ జీతం ఉన్న కాగితం. చేతికి వచ్చేది తక్కువది. నెలాఖరున ఇచ్చే జీతం చీటీలో కోతలు చూడండి: ఓడ మీద కొన్న సబ్బులు, సిగరెట్లు, ఫోను కార్డులు, ముందుగా తీసుకున్న నగదు, ఇంటికి పంపినట్టు రాసిన డబ్బు. ఇంటికి పంపినట్టు రాసిన రోజుకూ ఇక్కడ బ్యాంకులో పడిన రోజుకూ మధ్య నెల, రెండు నెలలు తేడా ఉంటే అనుమానించాల్సిందే. ఎంఎల్‌సీ ప్రకారం జీతం నెలకు మించి ఆగకూడదు.

నా మాట ఒకటే. ప్రతి ఇంట్లో జీతం చీటీ ఫొటో, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి చూడండి. తల్లులకు, భార్యలకు ఇది నేర్పాలి.

కంచిలి_అక్క
ఆదివారం, మధ్యాహ్నం 1.45

ఈ చర్చ చూసి ఖాతా తెరిచాను. మా తమ్ముడు మెస్‌మ్యాన్‌గా, అంటే ఓడలో భోజనాల గది పనికి, వెళ్లాడు. ఓడ గల్ఫ్‌లో లంగరు వేసి ఉంది. ఐదు నెలలుగా జీతం లేదు. బియ్యం, పప్పు అయిపోవచ్చాయని, తాగే నీళ్లు కొలిచి ఇస్తున్నారని చెప్పాడు. సిగ్నల్ దొరికినప్పుడే ఫోను.

ఏజెంటుకు మూడున్నర లక్షలు ఇచ్చాం. తిత్లీ తుఫానులో కొబ్బరిచెట్లు పోయాక మిగిలిన తోటను కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అది. రసీదు మీద "శిక్షణ ఫీజు" అని ఉంది. విజిట్ వీసా మీద తీసుకెళ్లి అక్కడి నుంచి ఓడ ఎక్కించారు. ఇప్పుడు ఏజెంటు ఫోను ఎత్తడం లేదు. మాకు పార్లమెంటు సంగతి తర్వాత. ముందు వాడు ఇంటికి రావాలి. ఏమి చేయాలో చెప్పండి.

బోసన్_పెద్దయ్య
ఆదివారం, మధ్యాహ్నం 2.05

అమ్మా, ధైర్యంగా ఉండండి. తమ్ముడికి ఈ రాత్రే ఈ మాటలు చేరవేయండి. భోజనాల గది దగ్గరో, నోటీసు బోర్డు మీదో ఒక బీమా సర్టిఫికెట్ అంటించి ఉండాలి. సిబ్బందిని వదిలేస్తే తిరుగు ప్రయాణానికి, తిండికి, బాకీ జీతాలకు పూచీ పడే కాగితం అది. దానిమీద బీమా సంస్థ పేరు, ఫోను నంబరు ఉంటాయి. ఫొటో తీసి పంపమనండి. ఓడ పేరు, వెనుక భాగాన రాసి ఉండే ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు నంబరు), కాంట్రాక్టు, ఇప్పటిదాకా ఇచ్చిన జీతం చీటీలు కూడా.

"జీతం మొత్తం ముట్టింది" అనే కాగితం మీద మాత్రం డబ్బు చేతికి రాకుండా సంతకం పెట్టవద్దనండి. ఇంటికి పంపుతామని ఆశ చూపించి ఆ సంతకం తీసుకుంటారు.

విజయనగరం_వకీలు
ఆదివారం, మధ్యాహ్నం 2.40

పెద్దయ్య గారు చెప్పిన బీమా 2017 జనవరి 18 నుంచి తప్పనిసరి. నాలుగు నెలల వరకు బాకీ జీతం, ఇంటికి చేరే ఖర్చు, అప్పటిదాకా తిండి, నీళ్లు, వైద్యం దాని కిందికి వస్తాయి. రెండు నెలలు జీతం ఆపి, పట్టించుకోకుండా వదిలేస్తే చాలు, ఆ సిబ్బందిని విడిచిపెట్టినట్టే లెక్క. జెండా దేశం ఎంఎల్‌సీని ఆమోదించిందో లేదో చూడాలి. పనామా, లైబీరియా, మార్షల్ దీవుల వంటివి ఆమోదించాయి.

అక్కా, రేపు మూడు ఫిర్యాదులు ఒకేసారి వెళ్లాలి. డీజీ షిప్పింగ్‌కు ఒకటి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ద్వారా అక్కడి మన రాయబార కార్యాలయానికి ఒకటి, ఏజెంటు మీద ఇక్కడి పోలీసు స్టేషన్లో ఒకటి. డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో లైసెన్సు ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. మీ ఏజెంటు పేరు అందులో లేకపోతే ఆ సంగతి పోలీసు ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి. "శిక్షణ ఫీజు" అన్న రసీదును, ఉద్యోగం గురించి వాళ్లు పంపిన ఫోను సందేశాలను జత చేయండి. ముసాయిదా నేను రాసిస్తాను, నాకు విడిగా సందేశం పంపండి.

పలాస_జీడితోట
ఆదివారం, సాయంత్రం 5.20

అక్క పరిస్థితి చూశాక కూడా ప్రశ్నలూ కమిటీలూ అని మాట్లాడుకోవడం నాకు నచ్చడం లేదు. మన ఎంపీ కేంద్ర మంత్రి. ఓడల శాఖ చూసే సర్బానంద సోనోవాల్ పక్కనే కూర్చుంటారు. ఆయన ఒక్క ఉత్తరం రాస్తే, ఒక్క ఫోను చేస్తే ఈ కుర్రాడు ఇంటికి వస్తాడు. ప్రశ్న వేయలేరని బాధపడటం ఎందుకు?

బారువ_తీరం
ఆదివారం, సాయంత్రం 6.05

జీడితోట గారూ, అక్క తరఫున మంత్రి కార్యాలయానికి విజ్ఞాపన రేపే ఇవ్వాలి. అందులో రెండో మాట లేదు. కానీ ఉత్తరంతో ఒక్క కుర్రాడు వస్తాడు. అదే ఏజెంటు వచ్చే నెల కవిటిలో ఇంకో ఇంటి తలుపు తడతాడు. ఉత్తరం ఫైలులో ఉంటుంది, మనకు కనిపించదు. సభలో ఇచ్చిన జవాబు శాశ్వతంగా రికార్డులో ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, రెండేళ్ల తర్వాత మళ్లీ తీసి "ఆనాడు ఇలా చెప్పారు కదా, ఏమైంది?" అని అడగవచ్చు. మంత్రి సభలో "పరిశీలిస్తాం" అని మాట ఇస్తే దాన్ని వెంటాడటానికి హామీల కమిటీ ఉంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి మూడు నెలల గడువు.

అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో 312 ఓడల మీద 3,133 మంది నావికులను యజమానులు వదిలేశారు. వాళ్లలో 899 మంది భారతీయులు. మరే దేశం వాళ్లూ అంతమంది లేరు. ఇంతమందికి ఎవరు ఎన్ని ఉత్తరాలు రాయగలరు?

కంచిలి_అక్క
ఆదివారం, రాత్రి 8.50

రెండూ చేయండి. నా తమ్ముడి కాగితాలు ప్రశ్నకు పనికొస్తే వాడుకోండి. పేరు మాత్రం బయట పెట్టవద్దు. ఓడ మీద వాడిని ఇబ్బంది పెడతారేమోనని భయం.

నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 9.15

ఈ చర్చలో ఎవరూ నావికుల పేర్లు, ఓడల పేర్లు, ఏజెంట్ల ఫోను నంబర్లు రాయవద్దు. కాగితాలు విడిగా పంపుకోండి.

ఎచ్చెర్ల_విద్యార్థి (ఎంఏ, రాజనీతిశాస్త్రం)
సోమవారం, ఉదయం 10.40

పార్లమెంటు పట్టుబడితే ఏమి జరుగుతుందో బ్రిటన్‌లో చూడవచ్చు. పాత సంగతి ముందు. శామ్యూల్ ప్లింసాల్ అనే సభ్యుడు, బరువు మీరి సరుకు నింపి నావికులను ముంచేస్తున్న యజమానుల మీద ఏళ్ల తరబడి పోరాడాడు. 1875లో బిల్లును పక్కన పెట్టేసరికి కామన్స్ సభలో ఆగ్రహం పట్టలేక కేకలు వేశాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఓడ పక్కన వృత్తం, దాని మీదుగా అడ్డగీత ఉంటుంది కదా, దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇక ఈ మధ్యది. 2022 మార్చి 17న పీ అండ్ ఓ ఫెర్రీస్ కంపెనీ దాదాపు 800 మంది నావికులను ఒక్కరోజులో తీసేసి, తక్కువ జీతానికి ఏజెన్సీ సిబ్బందిని పెట్టుకుంది. వారం తిరిగేసరికి, మార్చి 24న, రెండు పార్లమెంటు కమిటీలు కలిసి ఆ కంపెనీ అధిపతిని పిలిపించాయి. సంఘాలతో సంప్రదించాలని చట్టం చెబుతున్నా కావాలనే సంప్రదించలేదని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. ప్రత్యక్ష ప్రసారంలో జనం చూశారు. ఏడాదికి, 2023 మార్చిలో, నావికుల వేతన చట్టం వచ్చింది. ఏడాదిలో కనీసం 120 సార్లు బ్రిటన్ రేవుకు వచ్చే ఓడ ఏ జెండాతో ఉన్నా సరే, ఆ దేశ జలాల్లో ఉన్న సమయానికి అక్కడి కనీస వేతనానికి సమానమైన జీతం ఇవ్వాలి. లేకపోతే అదనపు రుసుము, ఆ తర్వాత రేవులోకి అనుమతి నిరాకరణ. చట్టం 2024 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందే, 2024 మేలో, అదే అధిపతిని మళ్లీ పిలిచి "గంటకు 4.87 పౌండ్లతో మీరు బతకగలరా" అని అడిగారు. బతకలేనన్నాడు.

రాజు గారు అడిగినదానికి ఇందులో జవాబుంది. వాళ్లు జెండా వెంట పడలేదు, రేవును పట్టుకున్నారు.

విజయనగరం_వకీలు
సోమవారం, మధ్యాహ్నం 1.00

మంచి ఉదాహరణ. మన పద్ధతిలో తేడాలు తెలుసుకుంటే దెబ్బ సరైన చోట తగులుతుంది. ఓడల శాఖను చూసేది రవాణా, పర్యాటక, సాంస్కృతిక వ్యవహారాల స్థాయీ సంఘం. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది. దాని సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, ప్రసారం ఉండదు. శాఖ రోజువారీ పరిపాలనలో తలదూర్చకూడదని దాని నిబంధన. కాబట్టి "మా తమ్ముడిని విడిపించండి" అని రాస్తే పక్కన పెడతారు. "ఈ తీరంలో లైసెన్సు లేని నియామకాలు ఈ విధంగా జరుగుతున్నాయి, చట్టం ఈ చోట విఫలమవుతోంది" అని పదిమంది కాగితాలతో రాస్తే చదవక తప్పదు.

పిటిషన్ల కమిటీ వేరే. అక్కడికి ఏ పౌరుడైనా వెళ్లవచ్చు. పిటిషన్ హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ ఉండాలి. తెలుగులో రాస్తే సంతకం చేసిన అనువాదం జతచేయాలి. కోర్టులో ఉన్న విషయం మాత్రం తీసుకోరు. అందుకని కోర్టు కేసు వేసినవాళ్ల ఉదంతాలు ఇందులో కలపవద్దు.

మత్స్యలేశం_అల
సోమవారం, మధ్యాహ్నం 3.30

మా డి.మత్స్యలేశం నుంచి గుజరాత్ వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసేవాళ్లు నావికులు కారా? 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయినవాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు వచ్చారు. లోపలున్నంత కాలం వాళ్ల ఇళ్లలో పూట గడిచింది అప్పులతోనే. పెద్ద ఓడల మీద సముద్రపు దొంగలు బంధించినా జీతం ఆగకూడదని ఎంఎల్‌సీలో ఉందట. మావాళ్లకు అలాంటి హక్కు ఏ కాగితంలోనైనా ఉందా?

విజయనగరం_వకీలు
సోమవారం, సాయంత్రం 4.15

మీ ప్రశ్న చాలా బరువైనది. బంధించిన కాలానికి జీతం ఇవ్వాలన్న సవరణ 2020 డిసెంబరు 26 నుంచి అమల్లో ఉంది. కానీ చేపల వేట పడవలను ఎంఎల్‌సీ తన పరిధి నుంచి మినహాయించింది. వేట కార్మికులకు 188 నంబరుతో 2007లో వేరే ఒప్పందం చేశారు, అది 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. "ఎప్పుడు ఆమోదిస్తారు, అడ్డేమిటి" అని పార్లమెంటులో నేరుగా అడగవచ్చు. శాఖలు వేరు కాబట్టి అది వేరే ప్రశ్నగా వెళ్లాలి. మీరు విడిగా చర్చ మొదలుపెట్టండి, నేను తప్పకుండా వస్తాను.

ఉద్దానం_ఇంజినుగది (ప్రస్తుతం ఓడ మీద, ఆయిలర్)
సోమవారం, రాత్రి 11.50

ఇప్పుడే నెట్ దొరికింది, అన్నీ చదివాను. అందరూ జీతం గురించి రాశారు. పని గంటల గురించి ఎవరూ రాయలేదు. జీతం దొంగతనంలో సగం అక్కడే జరుగుతుంది.

ఎంఎల్‌సీ ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, ఒక ముక్క కనీసం 6 గంటలు ఉండాలి. రేవుకు చేరే ముందు, బయలుదేరేటప్పుడు, ఇంధనం నింపేటప్పుడు ఇవేవీ నిలవవు. విశ్రాంతి గంటల పట్టికను కంప్యూటర్‌లో నింపాలి. గంటలు తప్పితే గడి ఎర్రబడుతుంది. గడి ఎర్రబడితే కంపెనీకి తెలుస్తుంది. అందుకని ఎర్రబడకుండా నింపి, నెలాఖరున ముద్రించి సంతకం పెట్టమంటారు. పెట్టకపోతే తర్వాతి కాంట్రాక్టు ఉండదు. చేసిన పని పట్టికలో లేదు కాబట్టి దానికి ఓవర్‌టైం కూడా లేదు.

కానీ ఒక చోట దొరికిపోతారు. జనరేటర్ రీడింగులు తీసి ఇంజిన్ లాగ్‌బుక్‌లో రాత్రి 2 గంటలకు నా సంతకం ఉంటుంది. విశ్రాంతి పట్టికలో అదే 2 గంటలకు నేను నిద్రపోతున్నట్టు ఉంటుంది. రెండు పుస్తకాలూ ఒకే ఓడలో, రెండు గదుల దూరంలో ఉంటాయి. తనిఖీకి వచ్చిన అధికారి రెండింటినీ పక్కపక్కన పెడితే ఐదు నిమిషాల పని. నేను ఉన్న ఓడల మీద అలా పెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు.

పూసపాటిరేగ_రాజు
మంగళవారం, ఉదయం 6.30

ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు. వకీలు గారూ, మా భోగాపురం, పూసపాటిరేగ తీరం విజయనగరం లోక్‌సభ పరిధిలోనిది. శ్రీకాకుళం జిల్లాలోని ఎచ్చెర్ల నియోజకవర్గం కూడా అందులోనే ఉంది. అక్కడి సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు మంత్రి కాదు, ప్రశ్న వేయవచ్చు. ప్రశ్నల పాఠం సిద్ధం చేస్తే విజ్ఞాపన ఇవ్వడానికి మా వైపు నుంచి పదిమందిని నేను కూడగడతాను.

బారువ_తీరం
మంగళవారం, ఉదయం 9.00

రాజు గారూ, చాలా సంతోషం. రాష్ట్రానికి ప్రాతినిధ్యం వహించే రాజ్యసభ సభ్యులకు కూడా ఇదే పాఠం ఇద్దాం. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఉండాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే అందాలి. పాఠం 150 పదాలు దాటకూడదు. నేను రాసింది ఇది, కత్తిరించండి:

"గత మూడేళ్లలో జీతం అందలేదని నావికులు, వారి కుటుంబాలు చేసిన ఫిర్యాదులు ఏడాది వారీగా, రాష్ట్రం వారీగా ఎన్ని, వాటిలో ఎన్నింటిలో బాకీ వసూలైంది, ఎంత మొత్తం, ఎన్ని నియామక సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి లేదా నిలిచిపోయాయి, ఎన్ని సంస్థల బ్యాంకు గ్యారంటీ నుంచి నావికులకు చెల్లించారు, లైసెన్సు లేకుండా నియామకాలు చేసినవారిపై ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎన్నింటిలో శిక్ష పడింది, 2025 చట్టం కింద జీతాలు, నియామకాలకు సంబంధించిన నియమాలను సభ ముందు ఎప్పుడు ఉంచారు లేదా ఉంచుతారు?"

పలాస_జీడితోట
మంగళవారం, ఉదయం 9.45

బాగుంది. జిల్లా వారీగా అని కూడా అడగండి. రాష్ట్రం మొత్తం అంకెలో మన తీరం కనిపించదు. ఇంకొకటి, నావికుల నియామకాలు చూసే షిప్పింగ్ మాస్టర్ కార్యాలయాలు ముంబై, కోల్‌కతా, చెన్నైలలో ఉన్నాయి. కంచిలి నుంచి ఒక తల్లి ఏ రైలెక్కి ఏ ఊరు వెళ్లాలి? ఫిర్యాదు తీసుకునే అధికారి వారానికి ఒక రోజైనా శ్రీకాకుళంలో ఎందుకు కూర్చోరని పిటిషన్లో రాయాలి. మొన్న నేను ఉత్తరం చాలన్నాను కదా, మంత్రి కార్యాలయంలో అక్క విజ్ఞాపన ఇచ్చే పని నాకు వదిలేయండి. ఈరోజు శ్రీకాకుళం వెళుతున్నాను.

విజయనగరం_వకీలు
మంగళవారం, ఉదయం 10.20

జిల్లా వారీగా అన్నది చేర్చండి. "సమాచారం ఆ విధంగా సేకరించడం లేదు" అని జవాబు వస్తే అదీ మనకు ఉపయోగమే. ఎందుకు సేకరించడం లేదని స్థాయీ సంఘానికి రాయవచ్చు. కార్యాలయం సంగతి పిటిషన్లోకి వెళ్లాలి, ప్రశ్నలో ఇమడదు.

కంచిలి_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 12.30

తమ్ముడు బీమా సర్టిఫికెట్ ఫొటో పంపాడు. గడువు ఇంకా ఉంది. వకీలు గారు రాసిచ్చిన ఉత్తరం ఆ సంస్థకు మెయిల్ చేశాను, అందినట్టు జవాబు వచ్చింది. ఓడలో మిగిలినవాళ్ల పేర్లు, బాకీలు కూడా పంపమన్నారు. తమ్ముడు అందరి దగ్గరా సేకరిస్తున్నాడు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు తీసుకున్నారు. ఏజెంటు పేరు లైసెన్సుల జాబితాలో లేదు.

ఉద్దానం_ఇంజినుగది
మంగళవారం, రాత్రి 10.15

పాఠంలో పని గంటలు లేవు. అవి లేకుండా పంపవద్దు. జీతం ఆగితే కనీసం ఇంట్లో తెలుస్తుంది. నిద్ర లేక ఇంజిన్ గదిలో చెయ్యి పోగొట్టుకున్నవాడి పట్టిక చూస్తే అతను రోజూ పది గంటలు పడుకున్నట్టే ఉంటుంది. పరిహారం అడిగినప్పుడు ఆ సంతకమే అతని మెడకు చుట్టుకుంటుంది.

బారువ_తీరం
మంగళవారం, రాత్రి 10.50

తమ్ముడూ, నీ మాట చేర్చాను. 150 పదాల్లో పట్టడానికి కేసుల వాక్యాన్ని పిటిషన్లోకి మార్చాను. గురువారం ఉదయం రాజు గారి బృందంతో వెళ్లేటప్పుడు ఇచ్చే పాఠంలో చివరి భాగం ఇలా ఉంటుంది:

"గత మూడేళ్లలో భారతీయ రేవుల్లో ఎన్ని విదేశీ ఓడలపై జీతాలు, విశ్రాంతి గంటల తనిఖీ జరిగింది, ఆ తనిఖీలలో విశ్రాంతి గంటల పట్టికను ఇంజిన్, డెక్ లాగ్‌బుక్‌లతో సరిపోల్చాలని సర్వేయర్లకు ఆదేశం ఉందా, ఉంటే, రెండింటికీ పొంతన లేదని ఎన్ని ఓడల విషయంలో నమోదైంది, లేకపోతే, కొత్త నియమాలలో ఆ ఆదేశాన్ని చేరుస్తారా?"